పాత మజిల్ కారును మలుపుల్లో నిలబెట్టడం ఎలా: తక్కువ ఖర్చులో సస్పెన్షన్ పని

పాత అమెరికన్ మజిల్ కారు (1960, 70ల నాటి పెద్ద ఇంజన్ కారు) నేరుగా దూసుకుపోతుంది గానీ మలుపు వస్తే పడవలా ఊగుతుంది అని అందరూ అనే మాటే. అందులో సగమే నిజం. షోరూమ్ నుంచి బయటికి వచ్చిన కారు అలాగే ఉండేది. కానీ 1966, 67ల్లో అమెరికా ట్రాన్స్-ఆమ్ రేసుల టైటిల్ ఫోర్డ్ మస్టాంగ్‌ది, 1968, 69ల్లో షెవర్లే కమారోది. అవి గెలిచింది మలుపుల ట్రాకుల మీదే. ఆ రేసు కార్ల పుట్టుక కూడా మామూలు జనం కొనుక్కున్న కార్లలోనే. ముందు అదే రకం కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని బాడీకి కలిపే చేతులు), వెనక అదే రకం లీఫ్ స్ప్రింగులు (ఉక్కు పట్టీల స్ప్రింగులు). అంటే డిజైన్‌లో దమ్ముంది, సర్దుబాటే సరిగా లేదు.

ఇప్పుడు ముందు సస్పెన్షన్ మొత్తం పీకేసి కాయిలోవర్లు (షాక్ చుట్టూనే స్ప్రింగు ఉండే రకం) పెట్టే కిట్లు దొరుకుతున్నాయి. బాగానే పనిచేస్తాయి, కానీ వేల డాలర్లు పోయాలి. వారాంతంలో రోడ్డెక్కే కారుకు, ఎప్పుడైనా ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య నడిపే పోటీకి) తీసుకెళ్లే కారుకు అంత అక్కర్లేదని నా అభిప్రాయం. ముందు అరిగిపోయినవి మార్చండి. తర్వాత చక్రం కోణం సరిచేయండి. గట్టి స్వే బార్లు (కారు ఒరగకుండా ఆపే కడ్డీలు), గట్టి స్ప్రింగులు ఆ తర్వాతే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఎందుకంటే కేటలాగులో కంటికి కనబడేవి స్ప్రింగులే.

కొనే ముందు కారు కిందకు దూరండి

సమతల నేల మీద కారు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగం ఎత్తి జాక్ స్టాండ్ల మీద నిలపండి. జాక్ మీద మాత్రమే నిలబడ్డ కారు కిందకు తల పెట్టొద్దు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బాల్ జాయింట్ (చక్రాన్ని ఆర్మ్‌కు కలిపే గుండు కీలు) అరిగిందో లేదో తెలియాలంటే దాని మీద స్ప్రింగు బరువు ఉండకూడదు. కమారో, షెవెల్, జీటీఓ లాంటి జీఎం (జనరల్ మోటార్స్) కార్లలో స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది కాబట్టి బరువు మోసేది కింది బాల్ జాయింట్. కింది ఆర్మ్ చివర జాక్ పెట్టి లేపితే దాని మీద భారం పోతుంది. టార్షన్ బార్ (కాయిల్‌కు బదులు మెలికపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉన్న క్రైస్లర్ కార్లకూ ఇదే పద్ధతి. పాత మస్టాంగ్‌లో స్ప్రింగు పై ఆర్మ్ మీద ఉంటుంది, అక్కడ మోసేది పై బాల్ జాయింట్. పై ఆర్మ్‌కూ బాడీకీ మధ్య చెక్కముక్క ఇరికించి, కారును ఫ్రేమ్ దగ్గర ఎత్తితేనే అసలు ఆట (లూజు) బయటపడుతుంది. లేకపోతే పూర్తిగా అరిగిన జాయింట్ కూడా గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది.

ఇప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింటో, వీల్ బేరింగో. ఏదో తేల్చుకోవాలంటే ఎవరినైనా బ్రేకు నొక్కమని మళ్లీ ఊపండి. ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. తర్వాత చక్రాన్ని కుడీ ఎడమా పట్టుకుని ఊపండి. ఇక్కడ ఆడితే స్టీరింగ్ కదలికను చక్రాలకు చేర్చే టై రాడ్ ఎండ్లు, ఐడ్లర్ ఆర్మ్ అనుమానించాలి. ఈ కార్లలో ఐడ్లర్ ఆర్మ్ అరిగి ఉండటం చాలా మామూలు.

చివరగా కారును కిందకు దించి, ఒకరిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి అటూ ఇటూ కొద్దిగా తిప్పమనండి. మీరు స్టీరింగ్ బాక్స్ వైపు చూడండి. స్టీరింగ్ తిరుగుతున్నా బాక్స్ నుంచి బయటికి వచ్చే పిట్‌మన్ ఆర్మ్ కదలకపోతే లూజు షాఫ్ట్ కప్లింగ్‌లోనో బాక్స్‌లోనో ఉంది. బాక్స్ మీద ఉండే అడ్జస్ట్‌మెంట్ స్క్రూని బిగించేసి లూజు తీసేద్దామని చూడకండి. మరీ బిగిస్తే స్టీరింగ్ మధ్యలో పట్టేస్తుంది, లోపలి పళ్లు త్వరగా పాడవుతాయి.

బుష్‌లు: గట్టిదే మంచిదని కాదు

యాభై ఏళ్ల రబ్బరు బుష్‌లు (ఆర్మ్‌ల కీళ్ల దగ్గర ఉండే తొడుగులు) ఎండి పగిలి ఉంటే, చక్రం ఎటు చూడాలో ఆ చక్రానికే తెలియదు. అలైన్‌మెంట్ ఎంత బాగా చేయించినా బ్రేకు నొక్కగానే మారిపోతుంది. కాబట్టి ఈ ఖర్చు తప్పదు. బాల్ జాయింట్లు, టై రాడ్లు, బుష్‌లు కలిపి ముందు సస్పెన్షన్ రీబిల్డ్ కిట్లుగా అమ్ముతారు, విడివిడిగా కొనేకన్నా చవక. బాల్ జాయింట్ ప్రెస్, స్ప్రింగ్ కంప్రెసర్ లాంటివి కొనక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపులు డిపాజిట్ కట్టించుకుని ఇస్తాయి, తిరిగిచ్చాక డబ్బు వెనక్కి ఇచ్చేస్తాయి.

రబ్బరా, పాలీయురిథేనా అన్నది తెగని వాదన. ముందు కంట్రోల్ ఆర్మ్‌లకు పాలీ వేసుకోవచ్చు, గ్రీజు బాగా పెడితే కిర్రుకిర్రు తగ్గుతుంది. కానీ రెండు చోట్ల మాత్రం రబ్బరే వేయండి. ఒకటి, షెవెల్ తరహా కార్ల వెనక ఇరుసును పట్టుకునే పై ఆర్మ్‌లు. అవి ఏటవాలుగా ఉంటాయి కాబట్టి కారు ఒరిగినప్పుడు బుష్ మెలికపడాలి. పాలీ మెలికపడదు, ఇరుసు బిగుసుకుపోతుంది, వెనక చక్రం ఒక్కసారిగా పట్టు వదిలేస్తుంది. రెండోది, పాత మస్టాంగ్ స్ట్రట్ రాడ్ (కింది ఆర్మ్ ముందుకూ వెనక్కీ జరగకుండా పట్టుకునే కడ్డీ). అక్కడ గట్టి బుష్ పెడితే రాడ్ వంగడానికి చోటుండదు, పదేపదే వంపు పడి రాడ్ విరిగే ప్రమాదం ఉంది.

ఇంకో చిన్న విషయం, దీనికి పైసా ఖర్చు లేదు. రబ్బరు బుష్‌ల బోల్టులను కారు జాక్ స్టాండ్ల మీద వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించకండి. చేతితో పట్టించి, చక్రాలు నేలమీద ఆనాక, కారు మామూలు ఎత్తులో నిలబడ్డాక అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించండి. లేదంటే ఆ రబ్బరు ఎప్పుడూ మెలికపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది.

అసలు పని: పై ఆర్మ్ కోణం

కారు మలుపు తిరిగేటప్పుడు బయటివైపుకు ఒరుగుతుంది. బయటి చక్రం సస్పెన్షన్‌లోకి నొక్కుకుపోతుంది. ఆ నొక్కుకుపోయే క్షణంలో చక్రం పై అంచు కొంచెం కారు లోపలికి వాలాలి. అప్పుడే టైరు మొత్తం వెడల్పు రోడ్డుకు ఆని ఉంటుంది. కానీ ఈ కార్లలో చాలావాటికి జరిగేది దీనికి వ్యతిరేకం. పై ఆర్మ్ లోపలి చివర ఎత్తుగా, బాల్ జాయింట్ ఉన్న బయటి చివర పల్లంగా ఉంటుంది. చక్రం పైకి లేచినకొద్దీ ఆ బయటి చివర ఇంకా బయటికి జరుగుతుంది. చక్రం పై అంచును బయటికి తోసేస్తుంది. టైరు బయటి భుజం మీద నడుస్తుంది, కారు ముందు భాగం మలుపు వదిలేసి నేరుగా పోతుంది. మీరు ఎంత గట్టి స్ప్రింగు వేసినా ఈ తప్పు తగ్గుతుందే గానీ పోదు.

దారి రెండు రకాలు: లోపలి చివరను దించడం, లేదా బయటి చివరను ఎత్తడం. రెండిటి ఫలితమూ ఒకటే.

1965, 66 మస్టాంగ్ ఉన్నవాళ్లకు మొదటిది. ఫోర్డ్ ఇంజనీర్ క్లాస్ ఆర్నింగ్ లెక్క ఇది, మస్టాంగ్‌నే రేసు తరహాలో మార్చి చేసిన షెల్బీ జీటీ350లో వాడటంతో ఆ పేరుతోనూ ప్రసిద్ధమైంది. పై ఆర్మ్ బిగించే రంధ్రాలను 1 అంగుళం కిందకు కొత్తగా వేయడమే. 1966లో షెల్బీ వాళ్లే ఖర్చు తగ్గించుకోవడానికి ఈ పనిని మానేశారు. మీకు ఆ ఇబ్బంది లేదు: రంధ్రాలు గుర్తుపెట్టే టెంప్లేట్, పదునైన డ్రిల్ బిట్, ఒక మధ్యాహ్నం చాలు. టెంప్లేట్‌ను పాత రంధ్రాల్లోనే బోల్టులతో బిగించండి, చేత్తో పట్టుకుని గుర్తు పెట్టకండి. ముందు చిన్న బిట్‌తో దారి చేసి, తర్వాత బిట్ సైజు పెంచుకుంటూ పోండి, డ్రిల్ వేగం తక్కువగా ఉంచి కటింగ్ ఆయిల్ వేస్తూ ఉండండి. షాక్ టవర్ (స్ప్రింగు, షాక్ పై చివర కూర్చునే గూడు) రేకు అక్కడ మందంగా ఉంటుంది, తొందరపడితే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది. ఈ పనితో కారు ముందు భాగం కొద్దిగా కిందికి కూడా దిగుతుంది. 1967 తర్వాతి మస్టాంగ్ ముందు సస్పెన్షన్ కొలతలు వేరు, దాని టెంప్లేట్ దానికే కొనండి.

షెవెల్, మొదటి తరం కమారో లాంటి జీఎం కార్లకు రెండో దారి సులువు. మామూలు దానికన్నా దాదాపు అర అంగుళం పొడవైన పై బాల్ జాయింట్లు దొరుకుతాయి. ఎలాగూ బాల్ జాయింట్లు మారుస్తున్నారు కాబట్టి, అదనపు ఖర్చు రెండిటి ధరల తేడా మాత్రమే. పెట్టాక చక్రాన్ని పూర్తి పైకి, పూర్తి కిందికి ఆడించి, స్టీరింగ్ రెండువైపులా తిప్పి ఎక్కడా తగలట్లేదని చూసుకోండి. డబ్బు తక్కువ ఉన్న షెవెల్ యజమాని ఒక్క పనే చేయగలిగితే, నేనైతే స్వే బార్ కన్నా ముందు ఇదే చేయమంటాను.

క్రైస్లర్ కార్ల ముందు సస్పెన్షన్ కోణాలు మొదటినుంచీ కొంత మెరుగు. అక్కడ కొరత క్యాస్టర్, అంటే పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం. పై ఆర్మ్‌కు మధ్యలో కాకుండా పక్కకు రంధ్రం ఉన్న ఆఫ్‌సెట్ బుష్‌లు వస్తాయి. ముందరి బుష్ ఆర్మ్‌ను బయటికి తోసేలా, వెనక బుష్ లోపలికి లాగేలా అమర్చితే బాల్ జాయింట్ వెనక్కి జరిగి క్యాస్టర్ పెరుగుతుంది.

కాయిల్ స్ప్రింగు తీసేటప్పుడు

ఇక్కడ జోక్ లేదు. నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఎగిరిపడితే మనిషి ప్రాణం పోతుంది. జీఎం కారులో కింది ఆర్మ్ కింద ఫ్లోర్ జాక్ ఆనించి ఉంచండి. స్ప్రింగులోంచి గట్టి గొలుసు దూర్చి ఫ్రేమ్‌కు కట్టండి. బాల్ జాయింట్ నట్‌ను పూర్తిగా తీయకుండా మూడు నాలుగు చుట్లు మిగిల్చి, జాయింట్‌ను సుత్తితోనో ప్రెస్‌తోనో వదులు చేయండి. అది టప్‌మని ఊడినా నట్ పట్టుకుని ఉంటుంది. అప్పుడు జాక్ కొద్దిగా ఎత్తి, నట్ తీసి, మెల్లగా దించండి. మీరు ఎప్పుడూ స్ప్రింగుకు ఎదురుగా కాకుండా ఓ పక్కకు జరిగి ఉండాలి. మస్టాంగ్‌కు దాని కోసమే చేసిన కంప్రెసర్ తెచ్చుకోండి, మామూలు మెక్‌ఫర్సన్ స్ట్రట్ కంప్రెసర్ వద్దు. టార్షన్ బార్ల విషయంలో ఒక జాగ్రత్త: బార్ ఒంటిని ప్లయర్స్‌తో పట్టుకుని లాగకండి. ఆ గీత దగ్గరే తర్వాత పగులు మొదలవుతుంది. కుడి, ఎడమ బార్లు తారుమారు చేయకూడదు కూడా.

షాకులు

ఇక్కడ పీనాసితనం వద్దు. చవకలో కేవైబీ గ్యాస్ షాకులతో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ, పాతవాటికన్నా మెరుగే. కానీ వాటితో గతుకుల మీద కారు గంతులేస్తే టైరు రోడ్డును వదిలేసినట్టే, గంతులేసే కారు మలుపు తిరగదు. కొంచెం ఆగి డబ్బు కూడబెట్టి బిల్‌స్టీన్ గానీ, రీబౌండ్ (నొక్కుకున్న స్ప్రింగు తిరిగి విచ్చుకునే వేగం) సర్దుకునే వీలున్న కోనీ గానీ వేసుకుంటే మళ్లీ ఆ వైపు చూడక్కర్లేదు.

స్వే బార్: సన్నటి తేడా, పెద్ద ఫలితం

బార్ గట్టిదనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 7/8 అంగుళాల బార్ తీసి 1 1/8 అంగుళాల బార్ పెడితే గట్టిదనం దాదాపు 2.7 రెట్లు. 11/16 నుంచి 1 అంగుళానికి వెళ్తే దాదాపు 4.5 రెట్లు. 1965 షెల్బీ జీటీ350లో ముందు పెట్టింది 1 అంగుళం బారే. అందుకే కేటలాగులో అన్నిటికన్నా లావుది ఎంచుకోవద్దు.

ముందు బార్ కారు ఒరగడాన్ని తగ్గిస్తుంది. అదే సమయంలో బయటి ముందు టైరు మీద భారం పెంచుతుంది. కోణం సరిచేయని కారుకు లావు బార్ వేస్తే ఊగడం ఆగుతుంది గానీ, మలుపులో ముందు భాగం ఇంకా ముందే జారుతుంది. కోణం సరిచేశాక వేస్తే అదే బార్ అద్భుతంగా ఉంటుంది. అమర్చేటప్పుడు ఎండ్ లింకులు కూడా కొత్తవి వేయండి, పాత లింకుల రబ్బరు పోతే కొత్త బార్ పని మొదలుపెట్టేలోపే కారు ఒరిగిపోతుంది.

వెనక బార్ గురించి తొందర పడకండి. వెనక గట్టిపడితే ముందు జారడం తగ్గుతుంది, నిజమే. ఎక్కువైతే తడి రోడ్డు మీద కారు వెనకభాగం తిరిగిపోతుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ బలం అందేలా చూసేది) లేకపోతే మలుపులో లోపలి వెనక చక్రం తేలికైపోయి ఉత్తినే తిరుగుతుంది. షెవెల్‌లో వెనక బార్ కింది ఆర్మ్‌లకే బిగుస్తుంది. ఫ్యాక్టరీ ఎఫ్41 (గట్టి సస్పెన్షన్) ప్యాకేజీలో ఆ ఆర్మ్‌లు పెట్టెలా మూసి బలంగా ఉండేవి. మీ ఆర్మ్‌లు కింద తెరిచి ఉన్న రేకు రకమైతే ముందు వాటిని మూయించండి, లేదంటే బలమైనవి కొనండి.

వెనక ఇరుసు

లీఫ్ స్ప్రింగులు చదునైపోయి ఉంటే మార్చడమే. స్ప్రింగుకూ ఇరుసుకూ మధ్యలో దిమ్మ పెట్టి కారును కిందికి దించే బ్లాకులు చవక, కానీ గ్యాస్ తొక్కినప్పుడు ఇరుసు మెలికపడటం పెరుగుతుంది. దాని బదులు చివర బోల్టు దూరే కన్ను దగ్గర చుట్టు మార్చి దించిన రకం స్ప్రింగులు తీసుకోండి. 1967 కమారో ఒంటి లీఫ్‌తో వచ్చింది, గట్టిగా తొక్కితే ఇరుసు దడదడలాడుతుంది. 1968లో షెవర్లే వాళ్లే బలమైన ఇంజన్ల కార్లకు ఎక్కువ లీఫులు పెట్టి, వెనక షాకులను ఒకటి ఇరుసుకు ముందు, ఒకటి వెనక అమర్చారు. షాక్ మౌంటులు కూడా మార్చాల్సి వస్తుందేమో చూసుకున్నాక, అలాంటి మల్టీ-లీఫ్ స్ప్రింగులే వేసుకోండి.

బాడీ బిగువు

మస్టాంగ్, చాలా క్రైస్లర్ కార్లకు విడి ఛాసిస్ ఉండదు. బాడీ మెలికపడుతుంటే సస్పెన్షన్ కోణాలు లెక్కకు అందవు. ముందు, వెనక సబ్‌ఫ్రేములను (బాడీ కింది ఉక్కు దూలాలను) కలిపే కనెక్టర్లు వెల్డ్ చేయించండి, కారు చక్రాల మీద నిలబడి ఉండగా. మస్టాంగ్‌కు షాక్ టవర్లను ఫైర్‌వాల్‌తో (ఇంజన్ వెనకున్న గోడతో) కలిపే ఎక్స్‌పోర్ట్ బ్రేస్ వేయండి. ఇది చవకైన ముక్క, పని పెద్దది. కమారోకు ముందు సబ్‌ఫ్రేమ్‌ను బాడీకి బిగించే రబ్బరు మౌంటులు నలిగిపోయి ఉంటాయి, అవి మార్చండి.

టైర్లు, తర్వాత అలైన్‌మెంట్

టైరు పక్కన ఉండే నాలుగు అంకెల తేదీ చూడండి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ట్రెడ్ బాగానే ఉన్నా పదేళ్ల టైరు రాయితో సమానం. చాలా మజిల్ కార్ల మీద కనిపించే తెల్ల అక్షరాల బీఎఫ్ గుడ్రిచ్ రేడియల్ టీఏ అందంగా ఉంటుంది, కానీ అది మలుపుల కోసం చేసిన టైరు కాదు. 17 అంగుళాల చక్రాలకు వెళ్తే మంచి టైర్లు చాలా దొరుకుతాయి. అది పెద్ద ఖర్చు, కాబట్టి పాత టైర్లు అరిగిపోయేదాకా ఆగినా తప్పులేదు. కొనే ముందు ఫెండర్ లోపల స్టీరింగ్ రెండు చివర్లకూ తిప్పి ఖాళీ కొలుచుకోండి.

అన్నీ బిగించాక, ఒక్కసారే అలైన్‌మెంట్ చేయించండి. షాపువాడు కంప్యూటర్‌లో 1960ల ఫ్యాక్టరీ లెక్కలు తీస్తాడు. అవి ఆ కాలపు బయాస్-ప్లై రకం టైర్ల కోసం రాసినవి, క్యాస్టర్ దాదాపు సున్నా. మీ లెక్క కాగితం మీద రాసి ఇవ్వండి:

- క్యాంబర్ (చక్రం పై అంచు వాలు; లోపలికి వాలితే మైనస్): మైనస్ అర నుంచి మైనస్ 1 డిగ్రీ
- క్యాస్టర్: పవర్ స్టీరింగ్ ఉంటే ప్లస్ 3 నుంచి 5 డిగ్రీలు, లేకపోతే 2 నుంచి 3
- టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచుల తిరుగుడు): రెండు చక్రాలూ కలిపి 1/16 నుంచి 1/8 అంగుళం లోపలికి

కమారో, షెవెల్‌లో పై ఆర్మ్ వెనక బోల్టు దగ్గర షిమ్ములు (సందులో దూర్చే పల్చటి రేకు ముక్కలు) పెంచితే క్యాస్టర్ పెరుగుతుంది. రెండు బోల్టులకూ సమానంగా పెంచితే నెగటివ్ క్యాంబర్ వస్తుంది. కొత్త కార్లు మాత్రమే చేసే షాపువాడికి షిమ్ములంటే టెన్షన్. పాత ట్రక్కులు చేసే మెకానిక్‌ను వెతుక్కోండి.

స్ప్రింగులు, అవసరమైతేనే

ఇన్ని చేశాక కూడా ముక్కు ఎత్తుగా ఉన్నట్టో, మెత్తగా ఉన్నట్టో అనిపిస్తే అప్పుడు స్ప్రింగుల సంగతి చూడండి. పాత స్ప్రింగు కోయవచ్చా అంటే, చివర ఫ్లాట్‌గా కాకుండా తీగ అలాగే వదిలేసిన రకమైతే కోయవచ్చు. గ్యాస్ మంటతో కాదు, కటింగ్ వీల్‌తోనే. వేడి తగిలితే ఉక్కు మెత్తబడుతుంది. ఒకేసారి అర చుట్టుకు మించి కోయొద్దు. జీఎం కార్లలో స్ప్రింగు ఆర్మ్ మధ్యలో ఉంటుంది కాబట్టి స్ప్రింగు తగ్గినదానికి దాదాపు రెట్టింపు చక్రం దగ్గర కనబడుతుంది. పనిచేసే 8 చుట్లలో ఒకటి తీసేస్తే స్ప్రింగు దాదాపు 14 శాతం గట్టిపడుతుంది కూడా. క్రైస్లర్ యజమానులు అదృష్టవంతులు, టార్షన్ బార్ బోల్టు తిప్పితే ఎత్తు మారిపోతుంది. ఎత్తు మారితే అలైన్‌మెంట్ కూడా మళ్లీ చేయించాలి, అది మర్చిపోకండి.

పరీక్ష

వీధిలో కాదు. అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ ఎస్‌సీసీఏ వాళ్లు ఖాళీ పార్కింగ్ లాట్లలో కోన్లు పెట్టి నడిపే ఆటోక్రాస్‌లో పేరు ఇవ్వండి. టైరు భుజం మీద, ట్రెడ్ నుంచి పక్క గోడ దాకా, సుద్దముక్కతో మూడు చోట్ల గీతలు గీయండి. ఒక రౌండ్ అయ్యాక గీత ఎక్కడిదాకా చెరిగిందో చూడండి. పక్క గోడ మీది అక్షరాల వరకు చెరిగితే గాలి తక్కువ, లేదా క్యాంబర్ చాలలేదు. ట్రెడ్ అంచు దాకా కూడా రాకపోతే గాలి ఎక్కువ. గాలి 2 పీఎస్ఐ చొప్పున మార్చుకుంటూ వెళ్లండి. ఒకసారికి ఒకటే మార్చండి, రాసి పెట్టుకోండి.

మొదటి వంద మైళ్లు నడిపాక కంట్రోల్ ఆర్మ్ బోల్టులు, వెనక ఇరుసును పట్టుకున్న యూ-బోల్టులు, చక్రాల నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. యూ-బోల్టులు మాత్రం మామూలుగా ఎంతో కొంత వదులై ఉంటాయి.